జనానా కెమెరా మెహరున్నిసా

బోధన్‌లో ఏ ముస్లిం ఇంట పెళ్ళి కుదిరినా షాదీఖానా కంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ తారీఖున మెహరున్నిసా ఖాళీగా ఉందా, లేదా? మగవాళ్ళ వైపు ఫోటోలు ఎవరైనా తీస్తారు. ఊళ్ళో స్టూడియోలకు కొదవ లేదు, డ్రోన్ ఎగరేసే కుర్రాళ్ళకు అసలే లేదు. పరదా అవతల, జనానాలో, ఆడవాళ్ళ మధ్య కెమెరా పట్టుకుని తిరిగేది మాత్రం ఆమె ఒక్కతే. ఆమె ఖాళీ లేదని పెళ్ళి తారీఖు మార్చుకున్న వాళ్ళు కూడా ఉన్నారు. ఈ ముక్క చెప్పింది ఆమె భర్త ఎజాజ్ కాబట్టి కాస్త తగ్గించుకుని నమ్మవచ్చు.

ఎజాజ్‌కు బస్టాండు దగ్గర చిన్న ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలు, జిరాక్సు, లామినేషను. పెళ్ళయిన కొత్తలో మెహరున్నిసా అక్కడ కౌంటరు దగ్గర కూర్చునేది. బుర్ఖా పైకెత్తి ఫోటో దిగడానికి సిగ్గుపడే ఆడవాళ్ళు ఎజాజ్‌ను బయటికి పంపించి, “నువ్వే నొక్కమ్మా” అనేవారు. అలా నొక్కీ నొక్కీ ఆమెకు చెయ్యి కుదిరింది. ఓసారి చుట్టాల పెళ్ళిలో జనానాకు పిలిచారు, ఆ తర్వాత చుట్టాలు కాని వాళ్ళూ పిలిచారు. ఇప్పుడామె నిజామాబాద్ దాకా పోయి వస్తుంది.

ఆమెకు రెండు కట్టుబాట్లున్నాయి. జనానాలో తీసినది ఏదీ స్టూడియోలో మిగలకూడదు. ఫంక్షను కాగానే పెళ్ళికూతురి తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, కార్డులో ఉన్నదంతా ల్యాప్‌టాప్ పెట్టి ఆవిడ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంది. ఆవిడ కళ్ళ ముందే కార్డు తుడిచేస్తుంది. ఆల్బమ్ పని ఉంటే స్టూడియో వెనక పరదా కట్టిన అరగదిలో తానే కూర్చుని చేసి, మళ్ళీ తుడిచేస్తుంది. ఎజాజ్ ఇన్నేళ్ళలో ఆ పరదా ఎత్తింది లేదు, చాయ్ ఇవ్వాల్సి వచ్చినా బయటి నుంచి గ్లాసు లోపలికి జరుపుతాడు. ఇక రెండోది: బటన్ నొక్కే ముందు “సర్దుకున్నరా?” అని అడుగుతుంది. తల మీది ఓఢ్నీ సర్దుకుని, అవతలి మనిషి తల ఊపేదాకా వేలు కదలదు. దీనివల్ల ఫోటోలు ఆలస్యమవుతాయని పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ, ఆమె మారదు.

ఇలాంటి మనిషి దగ్గరికి డిసెంబరు చివర్లో సాహిత్య వచ్చింది. రుద్రూర్ పక్కన క్యాంపు ఆ పిల్లది. ముత్తాతల కాలంలో గోదావరి జిల్లాల నుంచి వచ్చి, నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం. ఆ పిల్ల పుట్టింది ఇక్కడే, అమ్మమ్మ యాస మాత్రం ఇంకా నాలుక మీద ఉంది. నిజామాబాద్‌లో డిగ్రీ ఆఖరి ఏడు చదువుతోంది. చదువులో భాగంగా ప్రతి ఒక్కరూ చిన్న సినిమా తీయాలట. కెమెరా అద్దెకు కావాలంది.

ఎజాజ్ తల అడ్డంగా ఊపాడు. “గీ కెమెరా మెహర్ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఎరుగదు. ఇయ్యాలంటే దాంతోపాటు ఆమెను గూడ పంపియ్యాలె.”

హాస్యానికన్న మాటే. సాహిత్య మాత్రం సీరియస్‌గా తీసుకుని మెహరున్నిసా వైపు తిరిగి, “అయితే మీరూ రండక్కా, నాకు నేర్పండి” అంది. మెహరున్నిసాకు నవ్వొచ్చింది. పెళ్ళి కాని చోట, బిర్యానీ లేని చోట, తనను ఒకరు కెమెరా కోసం పిలవడం ఇదే మొదలు. ఆదివారాలు వస్తానని ఒప్పుకుంది.

సినిమా కథ చిన్నది. నలభై దాటిన గృహిణి ఒకావిడ స్కూటీ నేర్చుకుంటుంది. అంతే. కథానాయిక సాహిత్య వాళ్ళమ్మ నాగకుమారి. వేరే ఎవరూ ఒప్పుకోకపోవడం ఒక కారణం, ఆవిడకు నిజంగానే స్కూటీ రాకపోవడం రెండో కారణం. షూటింగ్ స్థలం వాళ్ళ చెరుకు తోట పక్కన కాలువ కట్ట.

మొదటి ఆదివారం సాహిత్య తీసినవన్నీ వణికాయి. కెమెరా బరువు, ముందు లెన్సు బరువు, పైగా చలిగాలి. మెహరున్నిసా వెనక నిలబడి ఆ పిల్ల మోచేతులు రెండూ లోపలికి నొక్కింది.

“పక్కటెముకలకు ఆనించు బిడ్డా. ఊపిరి బిగవట్టి నొక్కు. గాలికి చెరుకు ఊగాలె గాని నువ్వు ఊగొద్దు.”

“ఫోకస్ ఎక్కడ పెట్టాలక్కా? మొహం మీదేనా?”

“కంటి మీద. కన్ను సక్కగుంటే కడమదంత దానెనక వస్తది.”

నేర్చుకోవడం ఒకవైపే సాగలేదు. మెహరున్నిసాకు వేలు బటన్ మీద పడితే నోరు దానంతటదే “ఇటు సూడున్రి, కొంచెం నవ్వున్రి” అంటుంది. ఎన్నో ఏళ్ళ అలవాటు. కట్ట మీద స్కూటీ నడుపుతున్న నాగకుమారి ఆ మాట విని బుద్ధిమంతురాలిలా కెమెరా వైపు తిరిగి నవ్వింది. బండి కాలువ వైపు తిరిగింది. సాహిత్య తండ్రి సతీష్‌బాబు పరిగెత్తి వెనక పట్టుకోకపోతే కథానాయిక నీళ్ళలో ఉండేది. ఆ తర్వాత ఆయన షూటింగ్ అయ్యేదాకా కాలువకూ బండికీ మధ్యనే నిలబడ్డాడు, అందుకని కొన్ని షాట్లలో ఆయన లుంగీ అంచు కనిపిస్తుంది.

“అక్కా, సినిమాలో కెమెరా ఉన్నట్టు వాళ్ళకి తెలియకూడదు” అంది సాహిత్య.

మెహరున్నిసా మొహం మారింది. “తెల్వకుంట తీసుడేంది? గది దొంగతనం గాదా?”

“తెలుసక్కా. తెలిసి, తెలియనట్టు నటిస్తారు.”

“గట్ల జెప్పు” అంది మెహరున్నిసా, ప్రాణం కుదుటపడి. అడగాల్సింది మాత్రం అడగాలంది. కాబట్టి ప్రతి షాటూ ఒకేలా మొదలయ్యేది. కెమెరా తిరుగుతూ ఉంటుంది, “సర్దుకున్నరా వదినా?” అని గొంతు వినిపిస్తుంది, నాగకుమారి పమిట చెంగు నడుములో దోపుకుని తల ఊపుతుంది, ఆ తర్వాతే బండి కదులుతుంది. ఎలాగూ ఎడిటింగ్‌లో కోసేస్తానని సాహిత్య సరిపెట్టుకుంది.

ఇద్దరికీ నిజంగా మాట పట్టింపు వచ్చింది రెండో ఆదివారం. కాలువ అవతల మడిలో ఆడవాళ్ళు నాట్లు వేస్తున్నారు. ఎండ నీళ్ళ మీద పడి మెరుస్తోంది. సాహిత్య పెద్ద లెన్సు పెట్టి కట్ట మీది నుంచే దాన్ని తీసేసింది. ఎంత బాగా వచ్చిందంటే ఆ పిల్ల గెంతినంత పని చేసింది.

“అడిగినవా?” అంది మెహరున్నిసా.

“అంత దూరంలో ఉన్నారు కదక్కా.”

“దూరం నీకు. కెమెరాల దగ్గర్నే ఉన్నరు.”

సాహిత్య మొహం మాడ్చుకుని చెప్పులు విడిచి మడిలోకి దిగింది. నాటు వేస్తున్న వాళ్ళలో పెద్దావిడ చంద్రవ్వ నడుము లేపి, కెమెరా తెర మీద తన బొమ్మ తనే చూసుకుంది. చాలాసేపు చూసింది.

“మంచిగనే ఉన్నది గానీ బిడ్డా, మోకాళ్ళ దాంక సీర ఎగగట్టుకున్నం. మా అల్లుడు సూత్తే ఏమనుకుంటడు? తీసెయ్యి. ఇంకోపాలి సీర దించుకున్నంక తియ్యి.”

సాహిత్య అక్కడే, బురదలో నిలబడి, దాన్ని చెరిపేసింది. ఆ పూట నాగకుమారి పెట్టిన పెసరట్లు ముగ్గురూ గోడలు చూస్తూ తిన్నారు. పాపం, మంచి షాటు పోతే ఎవరికైనా కడుపు మండుతుంది.

మూడో ఆదివారం కోపం పోయింది. వచ్చీ రాగానే సాహిత్య తన సొంత కార్డు ఒకటి చూపించింది. ఆ కెమెరాలో రెండు కార్డులకు చోటుంది. మెహరున్నిసా ఎప్పుడూ మొదటి దానిలోనే వాడుతుంది, రెండోది ఖాళీగా పడి ఉంటుంది.

“మీ కార్డులో పెళ్ళిళ్ళవి తీస్తారు కదక్కా. నా చెత్తంతా అందులో ఎందుకు? వీడియోలన్నీ నా కార్డులోకి పోయేట్టు మెనూలో పెట్టేశాను. ఇంతకు ముందు తీసినవీ ఇందులోకే ఎక్కించుకున్నాను. మీది ఇక ముట్టుకోను.”

మెహరున్నిసా సరేనంది. మెనూ అంటే ఆమెకు పెద్దగా తెలియదు, ఎజాజ్ ఎలా పెట్టి ఇస్తే అలా ఉంటుంది. పిల్ల మర్యాదగా ఆలోచించిందని సంతోషపడింది కూడా. ఆ రోజు ఆఖరి షాటు, నాగకుమారి ఎవరి సాయం లేకుండా కట్ట చివరిదాకా బండి నడిపి మలుపు తిరిగే షాటు, పొద్దు వాలుతుండగా తీశారు. నిజంగానే మలుపు తిరిగింది. నలుగురూ అరిచారు. ఆ సంబరంలో కెమెరా సంచిలో పెట్టేశారు. రెండో కార్డు కెమెరాలోనే ఉండిపోయింది. మెనూ కూడా సాహిత్య పెట్టినట్టే ఉండిపోయింది.

ఆ బుధవారం, ఊళ్ళో మెహరున్నిసా ‘ఆపా’, అంటే అక్కా, అని పిలిచే తస్నీమ్ కూతురి మాంజా. పెళ్ళికి ముందు పెళ్ళికూతురికి పసుపు పెట్టే వేడుక. మగవాళ్ళ నీడ కూడా పడని వేడుక. ఇంటినిండా పసుపు బట్టలు, గాజుల చప్పుడు. మెహరున్నిసా వందల ఫోటోలు తీసింది. చివర్న ఢోలక్ తెచ్చారు. పెళ్ళికూతురి నానీ, తస్నీమ్ ఆపా తల్లి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆవిడ పాడితే బాగుంటుందని ఆడపిల్లలంతా చుట్టూ చేరారు.

నానీకి కెమెరా అంటే పడదు. “ఆధార్ కార్డు మీద తప్ప నా మొఖం యాడ లేదు, అదీ సర్కార్ జబర్దస్తీ చేస్తే” అంటుంది ఎప్పుడూ. ఆ రోజు మనవరాలు గడ్డం పట్టుకుని బతిమాలింది. నానీ మెహరున్నిసా వైపు చూసింది. వాళ్ళిళ్ళలో మాట ఉర్దూ, మన కోసం తెలుగులో చెప్పుకుందాం.

“నువ్వు తుడిచేస్తవు గదా?”

“మీ బిడ్డ ముంగట్నే తుడిచేస్త నానీ.”

“నీ జబాన్ మీద, నీ మాట మీద భరోసా పెడుతున్న.”

నానీ ఓఢ్నీ సర్దుకుని తల ఊపింది. మెహరున్నిసా వీడియో నొక్కింది. రెండో చరణానికి ఓఢ్నీ భుజాల మీదికి జారింది, వెండి జుట్టు విడిపోయింది, ఆవిడకు ఆ ధ్యాస లేదు. ఢోలక్ మీద ఆవిడ చేతులు పరుగెడుతున్నాయి. మెహరున్నిసా కళ్ళు చెమర్చి ఫోకస్ సరిగ్గా కనబడక, చేతి అలవాటు మీద తీసింది. ఆ తర్వాత ఎప్పటిలాగే తస్నీమ్ ఆపాను పక్కన కూర్చోబెట్టుకుని కార్డు ఎక్కించి ఇచ్చింది. అన్ని వందల ఫోటోలలో వీడియో వచ్చిందా లేదా అని వెతకలేదు. కార్డు తుడిచేసి, ఇంటికెళ్ళి నడుము వాల్చింది.

మర్నాడు పొద్దున మెహరున్నిసా స్టూడియోలో అడుగుపెట్టగానే తస్నీమ్ ఆపా ఫోన్ చేసింది. “ఫోటోలు మస్తుగున్నయి మెహర్. అమ్మ పాట లేదు.”

“సరిగ్గ సూడు ఆపా.”

“మూడుసార్లు సూసిన. లేదు.”

చూసి చెప్తానని మెహరున్నిసా ఫోన్ పెట్టేసింది. ఎక్కించకముందే తుడిచేశానా? నానీ జీవితంలో ఒక్కసారి ఒప్పుకుంటే ఆ పాటను నా చేత్తోనే పోగొట్టానా? కెమెరా తీసి పక్క మూత తెరిచింది. మొదటి అరలో తన కార్డు ఉంది. రెండో అర ఖాళీ. వీడియోలన్నీ నా కార్డులోకి పోయేట్టు పెట్టేశానక్కా, అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

“ఈ రెండో కార్డేది?” అని అరిచింది.

“సాహిత్యదా? ఆదివారం మర్సిపోయిందట. పొద్దుగాల వచ్చి తీస్కొని పోయింది” అన్నాడు ఎజాజ్, జిరాక్సు తీస్తూనే. “ఇయ్యాల కాలేజీల అందరి సినిమాలు, తీసింది తీసినట్టె, తెర మీద ఏసి చూపెడతరట.”

మెహరున్నిసా బుర్ఖా తగిలించుకుని బస్టాండుకు పరిగెత్తింది. ఫోన్ కౌంటరు మీదే ఉండిపోయింది, ఆ సంగతి బస్సు ఎడపల్లి దాటాక తెలిసింది. పాట పోలేదు, అది ఒక ఊరట. కానీ అదిప్పుడు ఒక కాలేజీ హాల్లో, మగపిల్లల ముందు, గోడంత తెర మీద పడబోతోంది. నానీ వెండి జుట్టు, జారిన ఓఢ్నీ. బేరాలు పోతాయని ఆమెకు భయం లేదు. పోతే జిరాక్సు మిషను దగ్గర కూర్చుంటుంది. కానీ ఒక ముసలావిడ తన కళ్ళలోకి చూసి భరోసా పెట్టింది. ఆ కళ్ళలోకి మళ్ళీ ఎలా చూడాలి? జానకంపేట దగ్గర చెరుకు ట్రాక్టరు ఒకటి రోడ్డుకు అడ్డం తిరుగుతూ బస్సును ఆపేసింది. మెహరున్నిసా ఆ ట్రాక్టరును, డ్రైవరును, చివరికి చెరుకును కూడా మనసులో తిట్టింది.

కాలేజీలో హాలు చీకటిగా ఉంది. తెర మీద ఎవరిదో రైల్వే స్టేషను సినిమా నడుస్తోంది. గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మాయి వంగి, మెల్లగా అడిగింది.

“ఎవరు కావాలాంటీ?”

“సాహిత్య. సాహిత్యది అయిపోయిందా?”

“నేను కావ్యను, తన ఫ్రెండ్‌ని. దానిది వెయ్యలేదాంటీ. కార్డు పాడైందని చెప్పింది, సార్ కోపం చేసిండ్రు. బయట కూర్చుంది.”

సాహిత్య సైకిల్ స్టాండు పక్కన మెట్ల మీద ఉంది. ఒళ్ళో ల్యాప్‌టాప్ మూసి ఉంది. మెహరున్నిసాను చూడగానే లేచి నిలబడి కుడి పిడికిలి తెరిచింది. అందులో కార్డు ఉంది, చెమటకు తడిసి.

“మీకు ఫోన్ చేశానక్కా. ఎజాజ్ అన్న ఎత్తాడు. మీరు లేరన్నాడు, ఏమైందని అడిగాడు. జనానా సంగతి కదా, అన్నకి చెప్పొచ్చో లేదో తెలియలేదు. పెట్టేశాను.”

“ఎవరన్న చూసిండ్రా?”

“లేదక్కా. తెరకి వైరు పెట్టకముందే ఒకసారి చూసుకుందామని ఒళ్ళో పెట్టుకుని తెరిచాను. అమ్మ బండి అనుకుని నొక్కాను. ఢోలక్ మీద చేతులు కనబడ్డాయి, తెల్లజుట్టు కనబడింది. వెంటనే తీసేశాను.”

“నీ అమ్మది గూడ దీంట్లనే ఉన్నది గదా. అదన్న చూపియ్యకపోయినవా?”

“అందరూ చుట్టూ మూగుతారక్కా. ఫైళ్ళన్నీ వరసగా కనిపిస్తాయి. ఏదో ఒకటి ఎవరో నొక్కుతారు. వాళ్ళని అడగలేదు కదా మనం” అంది సాహిత్య. “శనివారం లోపు చూపించకపోతే మార్కులుండవన్నారు సార్.”

మెహరున్నిసా అక్కడే మెట్ల మీద కూలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. ఎంత భయం మోసుకొచ్చిందో అది దిగాక గానీ తెలియలేదు. సాహిత్యను దగ్గరికి లాక్కుని, ఆ పిల్ల తలను తన బుర్ఖాలో దాచుకున్నట్టు పట్టుకుంది. సైకిల్ తీసుకోవడానికి వచ్చిన కుర్రాడు ఒకడు వాళ్ళను చూసి, తర్వాత వద్దామని వెళ్ళిపోయాడు. ఇద్దరూ గేటు బయట చాయ్ తాగి, బోధన్ బస్సు ఎక్కారు.

ఇక్కడితో ఊరుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో వెతికితే దొరికిందని చెప్పి పాట ఇచ్చేస్తే తస్నీమ్ ఆపా సంతోషించేది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. దారిలో సాహిత్య ఆ మాటే అడిగింది. “గట్ల జేస్తే రేపు నేను ‘సర్దుకున్నరా’ అని ఏ నోటితో అడగాలె?” అంది మెహరున్నిసా. తిన్నగా తస్నీమ్ ఆపా ఇంటికే పోయి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

తస్నీమ్ ఆపా మొహం ఎర్రబడింది. “ఇన్నేళ్ళ సంది నీ మాట మీద బోధన్ మొత్తం నమ్మకం పెట్టుకున్నది మెహర్. గిదేనా నువ్వు చేసేది?” అంది. మెహరున్నిసా తల వంచుకుంది. తప్పు తనదే, మెనూ ఒకసారి చూసుకోవాల్సింది.

నానీ మంచం మీది నుంచి అంతా విని, సాహిత్యను దగ్గరికి పిలిచింది. ఈసారి తెలుగులోనే అడిగింది. “నువ్వు చూసినవా బిడ్డా?”

“ఒక్క క్షణం చూశాను నానీ. అబద్ధం చెప్పను.”

“ఎట్లున్నది?”

సాహిత్యకు అర్థం కాలేదు. “ఏదండీ?”

“నేను కొట్టుడు. ఢోలక్ మంచిగ పలికిందా?”

ముందు నవ్వింది తస్నీమ్ ఆపాయే, నవ్వకూడదనుకుంటూనే. తలుపు వేసి, ల్యాప్‌టాప్ నానీ ముందు పెట్టారు. తన పాట తనే మొదటిసారి చూసింది ఆవిడ. “నా గొంతు గింత బొంగురా?” అని ఒకసారి, “బాపు గిట్లనే కొడుతుండె ఢోలక్” అని ఒకసారి అంది. మళ్ళీ పెట్టమంది. తస్నీమ్ ఆపా కూడా పక్కన కూర్చుని చూసింది, ఆమె కోపం ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. పాట పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది.

“ఇగ మొత్తం తుడిచేస్త ఆపా” అంది మెహరున్నిసా.

“తుడిచేయండి” అంది సాహిత్య కూడా.

నానీ చెయ్యి అడ్డం పెట్టింది. “దీంట్ల మీ అమ్మది గూడ ఉన్నదంటివి. అది పోతే నీకు పరీక్ష పోతది గదా. ఉండు, మీ అమ్మను గూడ చూడనియ్యి.”

నాగకుమారి బండి నడపడం చూసి ఇల్లంతా కడుపుబ్బ నవ్వింది. కాలువ వైపు తిరిగినప్పుడు తస్నీమ్ ఆపా “యా అల్లా” అంటూ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నానీ మాత్రం వేరేదేదో చూస్తోంది. నాలుగైదు షాట్లు అయ్యాక అడిగింది.

“ప్రతిసారి ఈమె కొంగు దోపుకుంటది, తల ఊపుతది. గదేంది?”

“అది సినిమాలో ఉండదు నానీ. కోసేస్తాను.”

“కొయ్యకు” అంది నానీ. “ఆమె సరే అన్నదని చూసేటోళ్ళకు ఎట్ల తెలుస్తది?”

మెహరున్నిసా సాహిత్య వీడియోలు మాత్రం ఆ పిల్ల ల్యాప్‌టాప్‌లో విడిగా దాచి, అందరి ముందు కార్డు తుడిచి, ఖాళీ తెర నానీకి చూపించింది.

శనివారం సినిమా తెర మీద పడింది. ప్రతి షాటు ముందూ నాగకుమారి చెంగు దోపుకుంది, తల ఊపింది. చంద్రవ్వ కూడా ఉంది అందులో, మూడో ఆదివారం మళ్ళీ పోయి అడిగి తీసినది, చీర దించుకుని, మెరిసే నీళ్ళ మధ్య. ఫోకస్ రెండు చోట్ల తప్పిందన్నారు సార్. అది నిజమే. మార్కులు బాగానే వేశారు. నాగకుమారి ఇప్పుడు రుద్రూర్ సంతకు స్కూటీ మీదే పోతోంది, సతీష్‌బాబు వెనక కూర్చుని కళ్ళు మూసుకుంటాడని క్యాంపులో చెప్పుకుంటారు.

పెళ్ళయ్యాక మొదటి శుక్రవారం, జుమ్మా నాడు, తస్నీమ్ ఆపా అల్లుణ్ణి, వియ్యాలవారిని దావత్‌కు పిలిచింది. పెళ్ళికి తీయడం ముందే ఒప్పుకున్న పని. దీనికి మెహరున్నిసాకు ఫోన్ వస్తుందా రాదా అని ఎజాజ్ రెండు రోజులు కౌంటరు దగ్గర ఊరికే తిరిగాడు. వచ్చింది. వంటల సంగతీ వేళ సంగతీ చెప్పాక, పెట్టేయబోతూ తస్నీమ్ ఆపా అంది, “ఆ పిల్లను గూడ తోల్కరా. అమ్మ అడుగుతున్నది.”

జనానాలో ఆ రోజు సాహిత్య చేతికి కెమెరా ఇచ్చి, మెహరున్నిసా పక్కకు తప్పుకుంది. సాహిత్య ముందు మెనూ తెరిచి చూసుకుంది, పక్క మూత తీసి రెండో అర ఖాళీ అని మెహరున్నిసాకు చూపించింది. తర్వాత నానీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, అడిగింది.

“సర్దుకున్నారా నానీ?”

నానీ ఓఢ్నీ నుదుటి మీదికి లాక్కుంది. మెహరున్నిసా వైపు చూడలేదు. నేరుగా ఆ పిల్లనే చూస్తూ తల ఊపింది.